తుపాకి తన్ను, దుర్భిణి దార్ఢ్యం: ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దులో వేట ఆయుధాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో పెద్ద జంతువుల వేటకు తగిన తుపాకులు బలంగా వెనుకకు తన్నేవి. ఆ తన్నుకూ, అక్కడి ఎండకూ, వానకాలపు తేమకూ తట్టుకునే గురి దుర్భిణి ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం దాకా సులువుగా దొరకలేదు. ఇటువంటి తుపాకికి దుర్భిణిని ఎంచుకోవడంలో అసలు ప్రశ్న అది ఎంత దూరం చూపుతుందన్నది కాదు, ఎన్ని పేలుళ్ల దాకా గురి చెదరకుండా నిలుస్తుందన్నది. చెదిరిన గురికి మూల్యం చెల్లించినవారు ప్రధానంగా ఆ అడవిలో నివసించే కోయలు, కొండరెడ్లు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వేట, తుపాకి, దుర్భిణి, ప్రతిఘాతం, అడవిదున్న, కోయలు, కొండరెడ్లు, గోదావరి ఏజెన్సీ

1. ఉపోద్ఘాతం

తెలుగు కావ్యాల్లో వేటకు చోటు తక్కువేమీ కాదు. తిన్నని కథలో, స్వరోచి కథలో వేట విస్తారంగా వర్ణితమైంది. విల్లు, అమ్ము, వల, ఉచ్చు, బోను, వేటకుక్క – ఈ పదజాలం సమృద్ధమైనది. తుపాకి అడవిలో ప్రవేశించిన తర్వాత మాత్రం ఈ వర్ణన మన భాషలో అదే స్థాయిలో కొనసాగలేదు. తుపాకి వేటను గురించిన రచన ఎక్కువగా ఇంగ్లీషులో, సైనికాధికారుల జ్ఞాపకాల రూపంలో సాగింది. హైదరాబాదు కాంటింజెంటులో పనిచేసిన ఆర్.జి. బర్టన్ 1928లో ప్రచురించిన దక్కను వేట జ్ఞాపకాలు ఈ కోవలోనివే. ఇటువంటి గ్రంథాల్లో తుపాకి ఎవరి తయారీయో ఉంటుంది, తూటా ఎంత బరువో ఉంటుంది, పులి పొడవు అంగుళాలతో సహా ఉంటుంది. అడవిని తోలిన మనిషి పేరు తరచూ ఉండదు.

ఆయుధాన్ని కేవలం వేటగాడి అలంకారంగా చూసినంతకాలం ఈ లోపం లోపంగా కనిపించదు. ఆయుధం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ విఫలమవుతుంది అని ప్రశ్నించినప్పుడే ఆ పేరులేని మనిషి చరిత్రలోకి వస్తాడు. అందువల్ల ఈ వ్యాసం కొంతవరకు యంత్రశాస్త్రం వైపు నడవక తప్పదు.

2. నదికి రెండు ఒడ్డులు

ఖమ్మం, భద్రాచలం ప్రాంతాలను ఈనాడు ఒకే ఊపిరిలో పలుకుతున్నాం గాని వందేళ్ల కిందట అవి రెండు వేర్వేరు ప్రభుత్వాల కింద ఉండేవి. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860లో బ్రిటిష్ వారికి అప్పగించాడు. అది కొంతకాలం మధ్యపరగణాల పాలనలో ఉండి 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు చేరింది. కుడి ఒడ్డున పాల్వంచ, ఇల్లెందు, ఖమ్మం అడవులు నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో ఉండిపోయాయి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పుగోదావరి నుంచి ఆ జిల్లాలో కలిశాయి. 2014లో మళ్లీ కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అడవి మాత్రం ఒకటే. టేకు, వెదురు, నల్లమద్ది, ఇప్ప కలిసిన ఆకురాల్చే అడవి నది దాటినా అదే తీరున సాగుతుంది.

ఈ అడవికి పేరు తెచ్చిన జంతువు పులి కంటే అడవిదున్న అనడం సమంజసం. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై 1945లో వెలువరించిన గ్రంథానికి ‘అడవిదున్నల కొండల రెడ్లు’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. భద్రాచలం ప్రాంతపు కోయల కొమ్ము నృత్యంలో పురుషులు తలకు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు ధరిస్తారు. పూర్తిగా ఎదిగిన మగ దున్న వెయ్యి కిలోల దాకా తూగుతుంది. భుజం దగ్గర ఎత్తు ఆరడుగులకు చేరువగా ఉంటుంది. మందమైన చర్మం, దాని కింద కండ, ఆ లోపల బలమైన భుజపుటెముక – వీటిని దాటి గుండెను చేరాలంటే బరువైన తూటా కావాలి. ఈ వ్యాసంలో వచ్చే తక్కిన చిక్కులన్నీ ఈ ఒక్క అవసరం నుంచి పుట్టినవే.

కోయలకు, కొండరెడ్లకు వేట కాలక్షేపం కాదు. విల్లమ్ములతో, ఉచ్చులతో, కుక్కలతో సమష్టిగా సాగే పని అది. వేసవిలో వచ్చే భూమి పండుగకు పురుషులు వేటకు వెళ్లడం కోయల ఆచారం. విల్లుకు గింజా గాడీ ఉండవు. దగ్గరకు చేరడమే అక్కడ గురి. తుపాకి విషయానికి వస్తే ప్రభుత్వాల వైఖరి ఈ జనం పట్ల ఎప్పుడూ అనుమానంగానే ఉంది. 1878లో బ్రిటిష్ ఇండియాలో ఆయుధాల చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే రంప తిరుగుబాటు చెలరేగి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా వ్యాపించింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తీసుకుపోయిన తుపాకులు 26. డబ్బును గాక తుపాకులను కోరి ఠాణాల మీదికి వెళ్లారన్న విషయం గమనించదగినది.

3. తిరుగుబాటు భయం నిర్ణయించిన గొట్టం కొలత

తిరుగుబాటుదార్ల చేతికి మందుగుండు చిక్కుతుందన్న భయం దొరల వేట తుపాకులను సైతం మార్చింది. 1898లో రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను ప్రవేశపెట్టింది. నల్లమందు స్థానంలో కార్డైట్ వచ్చాక పాత ఎనిమిది బోరు, నాలుగు బోరు ఫిరంగుల వంటి తుపాకుల అవసరం తీరిపోయి, ఐదు కిలోల జోడు తుపాకితోనే ఏనుగును పడగొట్టడం సాధ్యమైంది. అయితే అదే కొలత గుండును సైనికుల పాత మార్టినీ హెన్రీ తుపాకుల్లో వాడే అవకాశం ఉందన్న కారణంతో 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 కొలత తుపాకులు, తూటాలు ఇండియాలోకి రాకుండా నిషేధించింది. తయారీదార్లు ఆ కొలతను కొద్దిగా జరిపి .465, .470, .475 వంటి తూటాలను ముందుకు తెచ్చారు. ఈనాటికీ ప్రపంచమంతటా జోడు తుపాకులకు ప్రసిద్ధమైన .470 ఆ నిషేధం నీడలో ప్రాచుర్యం పొందినదే.

నది ఆవలి నిజాం రాజ్యానికి సొంత సముద్రతీరం లేదు. హైదరాబాదు నవాబుల ఆయుధాలు కూడా బ్రిటిష్ రేవుల మీదుగానే రావాలి. కాబట్టి ఒక ఒడ్డున అమలైన నిషేధం రెండో ఒడ్డున జరిగే షికారును సైతం తీర్చిదిద్దింది. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ సమీపంలో వేటాడిన పులితో దిగిన ఛాయాచిత్రం రాజా దీన్‌దయాళ్ తీసినది. చాలా గ్రంథాల్లో అది పునర్ముద్రితమైంది. ఆ వేటలో వాడిన కటకాల్లో చరిత్రకు మిగిలినది దీన్‌దయాళ్ కెమెరా కటకమే.

4. తుపాకి ఎంత తంతుంది?

‘తుపాకి తన్నింది’ అన్న వాడుక మాటకు శాస్త్ర పరిభాషలో ప్రతిఘాతం అని పేరు. గుండు, దాని వెనుక వాయువు ముందుకు దూసుకుపోతున్నప్పుడు అంతే ద్రవ్యవేగంతో తుపాకి వెనుకకు కదులుతుంది. .470 తూటాలో గుండు బరువు సుమారు 32 గ్రాములు, వేగం సెకనుకు 655 మీటర్లు. ఐదు కిలోల తుపాకి ఆ పేలుడుకు సెకనుకు ఐదున్నర మీటర్ల వేగంతో భుజాన్ని తాకుతుంది. 1912లో హాలండ్ అండ్ హాలండ్ తెచ్చిన .375 మాగ్నం తుపాకి నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది. దాని వేగం కొంచెం తక్కువగా, ఐదు మీటర్లకు చేరువలో ఉంటుంది. స్వతంత్ర భారతదేశంలో సామాన్య లైసెన్సుదారుకు పరిచయమైన .315 రైఫిల్ ఇషాపూర్ కర్మాగారంలో తయారైనది. అది సుమారు నాలుగు మీటర్ల వేగంతో తంతుంది. వేగాల్లో తేడా చిన్నదిగా తోచవచ్చు గాని శక్తిలో లెక్కిస్తే .470 తన్ను .315 తన్నుకు దాదాపు మూడు రెట్లు.

భుజం మెత్తనిది, అది వంగి సర్దుకుంటుంది. తుపాకి మీద బిగించిన దుర్భిణికి ఆ వెసులుబాటు లేదు. .375 గుండు గొట్టం దాటేలోపు, అంటే సెకనులో వెయ్యోవంతుకు కాస్త అటూఇటూగా, తుపాకి నిశ్చల స్థితి నుంచి సెకనుకు నాలుగు మీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ఈ త్వరణం సగటున గురుత్వ త్వరణానికి రెండు వందల రెట్లు మించుతుంది. అర కిలోకు కాస్త తక్కువ తూగే దుర్భిణిని తుపాకితో పాటు లాక్కుపోవడానికి దాని కడియాలు ఆ క్షణంలో వంద కిలోల బరువుకు మించిన లాగుడును భరించాలి. దుర్భిణి ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, తుపాకి వెనుకకు పోతుంది. ఫలితంగా దుర్భిణి కడియాల్లో ముందుకు జారుతుంది. వెనువెంటనే మడమ భుజానికి తగిలి తుపాకి ఆగిపోతుంది. అప్పుడు బలం దిశ తిరగబడుతుంది. ఒక్కో పేలుడుకు ఈ రెండు కుదుపులూ కటకాలకు, తీగలకు, మరలకు తప్పవు.

5. పెళుసు గాజు, నిప్పుల ఎండ

తుపాకి మీద దుర్భిణి కొత్త ఆలోచన కాదు. బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్సన్ అనే స్కాట్లండు అధికారి 1830 దశకంలోనే ఇండియాలో వేటకు దుర్భిణి బిగించిన తుపాకిని వాడినట్లు చెప్పుకున్నాడు. ఆయన పేర వచ్చిన దుర్భిణిని విట్‌వర్త్ రైఫిళ్ల పక్కభాగాన బిగించి అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాళ్లు ఉపయోగించారు. పేలిన ప్రతిసారీ దుర్భిణి అంచు కంటి గూటికి తగిలి వారి కళ్ల చుట్టూ కమిలిపోయేదని నాటి కథనాలు. ఈ సమస్య మొదటినుంచీ తన్నుతో ముడిపడి ఉన్నదేనని దీనివల్ల స్పష్టం.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో జర్మనీ, ఆస్ట్రియాల్లో చక్కని దుర్భిణులు తయారయ్యాయి. ఐరోపా అడవుల్లో లేడిని, అడవిపందిని వేటాడే తేలికపాటి తుపాకులకు అవి సరిపోయాయి. గోదావరి అడవికి తెస్తే మూడు చోట్ల చెడేవి. మొదటిది జిగురు. లోపలి కటకాలను జతగా అతికించడానికి కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురును వాడేవారు. అది వేడికి మెత్తబడుతుంది. కొత్తగూడెం, పాల్వంచ ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో నిలిపిన బండిలోని నల్లని ఇనుప గొట్టం లోపల వేడి అంతకు మించి పెరుగుతుంది. జిగురు కదిలితే కటకం కదులుతుంది, గురి దాని వెంటే పోతుంది. రెండవది తేమ. ఎండకు గొట్టంలోని గాలి వ్యాకోచించి బయటకు పోతుంది. జల్లు పడి గొట్టం చల్లారగానే తడిగాలిని లోపలికి పీల్చుకుంటుంది. కటకం లోపలివైపు ఆవిరి పడుతుంది, కొన్నాళ్లకు బూజు పడుతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఈ ప్రాంతంలో బూజు పట్టిన గాజు పనికిరాదు, ఎందుకంటే బూజు గాజు పైపూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. మూడవది తీగ. గురి చూపడానికి అడ్డంగా నిలువుగా బిగించిన సన్నని తీగలు బలమైన తన్నుకు తెగిపోయేవి.

దీనికి తోడు మరో అడ్డంకి తుపాకుల నిర్మాణంలోనే ఉంది. జోడు తుపాకికి రెండు గొట్టాల నడుమ దుర్భిణి బిగించడం ఖరీదైన చేతిపని. కెన్నెత్ ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ 1895 నమూనా తుపాకి పైభాగం తెరచి ఉండేది. ఖాళీ తూటా పైకి ఎగిరి పడేది. దుర్భిణి సరిగ్గా గొట్టం మీదుగా కూర్చోవడానికి అందులో చోటు లేదు. చిత్తూరు వైపు చామల లోయలోని నరభక్షక పులి కథ సహా ఆయన 1954లో ప్రచురించిన గ్రంథంలోని వేటలన్నిటా మనకు కనిపించేది దుర్భిణి కాదు, తుపాకికి బిగించిన టార్చి లైటు. ఇషాపూర్ .315 సైతం ఇనుప గింజ, గాడితోనే బజారుకు వచ్చేది.

అయితే వేటగాళ్లు దుర్భిణిని ‘పిరికివాడి పరికరం’ అని ఈసడించుకున్నారన్న వాదన ఒకటి అప్పుడప్పుడూ వినిపిస్తుంది. అది పూర్తిగా ఒప్పదగినది కాదు. పనిచేయని వస్తువుకు నైతిక అభ్యంతరం కల్పించుకోవడం మనుషులకు సులువు. దుర్భిణి గట్టిపడిన తర్వాత ఆఫ్రికాలో అదే వర్గం వేటగాళ్లు దానిని సంతోషంగా స్వీకరించారు.

6. గట్టి దుర్భిణి లక్షణం

మెరుగుదల అంచెలంచెలుగా వచ్చింది. జైస్ కంపెనీలో స్మాకులా 1935లో కటకాల మీద వెలుతురు పరావర్తనను తగ్గించే పూతను రూపొందించాడు. అమెరికాలో వీవర్ 1930లో సామాన్యుడు కొనగలిగిన దుర్భిణిని తెచ్చాడు. ల్యూపోల్డ్ సంస్థ 1947లో గొట్టంలో నత్రజని నింపి మూసివేసిన, ఆవిరి పట్టని దుర్భిణిని అమ్మకానికి పెట్టింది. చెట్టు జిగురు స్థానంలో కృత్రిమ జిగుర్లు వచ్చాయి. గోదావరి అడవిలో పనికొచ్చే దుర్భిణి అంటూ ఒకటి ఊహించగలిగింది ఈ దశలోనే.

అటువంటిదాన్ని ఎంచడానికి అవసరమైన కొలతలు అంగడి ప్రకటనల్లో ముందుండేవి కావు. పెద్దది చేసి చూపే శక్తికి మొదటి స్థానం ఇవ్వడం వాటిలో మొదటి పొరపాటు. వెదురు డొంకల్లో అడవిదున్న ఎదురయ్యే దూరం తరచూ ఇరవై నుంచి అరవై మీటర్లు. నాలుగు రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణిలో వంద మీటర్ల దూరాన పది మీటర్ల వెడల్పు కనిపిస్తే, ఇరవై మీటర్ల దూరాన కనిపించేది రెండు మీటర్లే. అంత దగ్గరలో మగదున్న ఒళ్లంతా ఆ వృత్తంలో ఇమడదు. కనిపించేది నల్లని ఒక గోడ, అది భుజమో తుంటో తేల్చుకోవడానికి వ్యవధి ఉండదు. కాబట్టి ఒకటి నుంచి నాలుగు రెట్ల మధ్య శక్తి చాలు. మంచె మీద సంధ్యవేళ మాత్రం దుర్భిణి నిజంగా ఉపకరిస్తుంది. ఇనుప గింజ చీకట్లో కలిసిపోయిన తర్వాత కూడా మంచి కటకం మరికొంతసేపు పులి అంచును చూపుతుంది. ముందు కటకం వ్యాసాన్ని పెద్దదిచేసే శక్తితో భాగిస్తే కంటికి చేరే వెలుగు పుంజం వెడల్పు వస్తుంది. ఇరవై మిల్లీమీటర్ల కటకానికి నాలుగు రెట్ల దగ్గర అది ఐదు మిల్లీమీటర్లు. చీకట్లో కంటిపాప తెరచుకునేది కూడా సుమారుగా అంతే, పడుచువాళ్లలో మరికొంత ఎక్కువ. పెద్ద కటకం తగిలించుకోవడంలో ఇక్కడ లాభం స్వల్పం, బరువు మాత్రం కచ్చితం.

బరువే అసలు శత్రువు. పైన చెప్పిన లెక్కలో దుర్భిణి పావు కిలో అయితే కడియాల మీద లాగుడు డెబ్బై కిలోలు, ఏడు వందల గ్రాములైతే రెండు వందల కిలోలు. దుర్భిణి ఎంత తేలికైతే అంత నిలుస్తుంది. లోపల కదిలే భాగాలు ఎంత తక్కువైతే అంత నిలుస్తుంది. గురిని సర్దే మరలు తిప్పితే లోపలి చిన్న గొట్టం ఒక స్ప్రింగు మీద ఆనుకుని జరుగుతుంది. తన్నుకు ఆ స్ప్రింగు వదులైతే గుండు ఒకసారి ఒకచోట, మరోసారి ఇంకోచోట పడుతుంది. శక్తిని మార్చే వీలు లేని, తేలికైన, చిన్న కటకపు దుర్భిణి ఈ కారణంగానే బరువు తూటాలకు చిరకాలం నమ్మకమైన జోడుగా నిలిచింది. మార్చే వీలున్నదే కావాలంటే ఒకటి నుంచి నాలుగు రెట్ల తక్కువ శ్రేణి చాలు.

కంటికీ వెనుక కటకానికీ మధ్య ఎడం తొంభై మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంతకు తగ్గితే విట్‌వర్త్ గురికాళ్ల గతే. పీఠాన్ని తుపాకికి బిగించే మరలు సన్నవైతే అవి తెగుతాయి. లావు మరలు, ఉక్కు పీఠం, పీఠం కింద తుపాకి గాడిలో ఇమిడే ఆనిక ఉండాలి. కడియం బిగింపు గొట్టాన్ని నలపకూడదు, వదులుగానూ ఉండకూడదు. గురి నిలకడను పరీక్షించే పద్ధతి పాతదే: ఇన్ని గీతలు పైకి, అన్ని కుడికి, అన్ని కిందికి, అన్ని ఎడమకు తిప్పి ప్రతి మూలనా కాలిస్తే, చివరి గుండు మొదటి గుండు పక్కనే పడాలి. ఇరవై పేలుళ్ల తర్వాత అదే జరగాలి. ఇది తేలిన తర్వాత కూడా జాగ్రత్తపరులు దుర్భిణిని చేత్తో ఊడదీయగలిగే కడియాలనే ఎంచుకుంటారు, దాని కింద ఇనుప గింజను అట్టే ఉంచుకుంటారు. గాజు పగిలిన క్షణంలో దున్న ఆగదు కదా.

7. చెదిరిన గురికి ఎవరు మూల్యం చెల్లించారు?

యంత్రశాస్త్రం ఇక్కడితో ముగిసి సామాజిక చరిత్ర మొదలవుతుంది. నిజాం పాలనలో వెట్టి పరిధి విశాలమైనది. అధికారుల పర్యటనలకు, షికార్లకు మనుషులను సమకూర్చడం అందులో భాగం. మంచె కట్టేవాళ్లు, ఎర దూడను కట్టేవాళ్లు, డప్పులతో కేకలతో అడవిని తోలేవాళ్లు చుట్టుపక్కల గూడేల జనం. హాంకాలో తుపాకి మంచె మీద ఉంటుంది. మృగం తోలేవాళ్లకూ మంచెకూ మధ్య ఉంటుంది. గుండు నాలుగు అంగుళాలు పక్కకు పడితే మృగం చావదు. ముందుకు పోతే మంచె దాటుతుంది, వెనుకకు తిరిగితే చేతిలో కర్ర తప్ప మరేమీ లేని వరుస మీదికి వస్తుంది. గాయపడిన దున్న పొదలో నిలిచి తన వెనుక వచ్చేవాడి కోసం కాచుకుంటుందన్నది వేట సాహిత్యమంతటా పునరుక్తమైన హెచ్చరిక. రక్తపు జాడను అనుసరించి ముందు నడిచేది జాడగాడు, తుపాకి అతని వెనుక ఉంటుంది.

దీర్ఘకాలిక ఫలితం మరింత తీవ్రమైనది. జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని బలిగొన్నదని ప్రసిద్ధి. దాని కుడివైపు కోరలు పైనా కిందా విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన గుండు దెబ్బ అది. సహజమైన వేటకు పనికిరాకుండా పోయినందువల్లనే అది మనుషులకు అలవాటుపడిందని కార్బెట్ నిర్ధారించాడు. గురి తప్పిన ఆ వేటగాడి పేరు ఎక్కడా నమోదు కాలేదు. చచ్చిన పులి లెక్కలోకి వస్తుంది, దాని కొలత రాస్తారు. గాయంతో తప్పించుకున్న పులి షికారు పుస్తకంలో ఒక్క వాక్యమే, గూడెంలో అది ఏళ్ల తరబడి భయం. షికారు దొర గుర్రం మీదో రైలు మీదో వెళ్లిపోతాడు. పశువులను మేపేవాడు, వెదురు నరికేవాడు, ఇప్పపువ్వు ఏరే ఆడమనిషి అదే అడవికి మర్నాడు తెల్లవారుజామున వెళ్లాలి.

ఈ దృష్టితో చూస్తే దుర్భిణి కడియం బిగింపు దొరవారి వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన చిన్న విషయం కాదని అర్థమవుతుంది. ఆ మర వదులైతే ప్రమాదం దాని యజమాని కంటే ముందు మరొకరికి చేరుతుంది. తుపాకి ధర, దుర్భిణి ధర, బీమా సొమ్ము ఇవన్నీ నమోదైన కాలంలో ఈ ప్రమాదానికి పద్దు లేదు.

8. 1972 తర్వాత

1956లో .458 వించెస్టర్ మాగ్నం వచ్చింది. 32 గ్రాముల గుండును బోల్టు తుపాకిలో, సరసమైన ధరకు కాల్చే వీలు కలిగింది. బోల్టు తుపాకి మీద దుర్భిణి సులువుగా కూర్చుంటుంది. గాజు, జిగురు, మర – మూడూ గట్టిపడిన కాలం అదే. మరో పదహారేళ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని కోరుతూ తీర్మానించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పులి, అడవిదున్న మొదటి షెడ్యూలులో చేరాయి. 1977లో కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడింది. ఈ అడవి తన్నును ఓర్చుకోగల దుర్భిణి చేతికందిన కొద్దికాలానికే, దానికి చట్టబద్ధమైన లక్ష్యం లేకుండా పోయింది.

మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువును చంపడానికి చట్టంలోని 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వక అనుమతి కావాలి. అటవీశాఖ చేతిలో ఈనాడు ఎక్కువగా దుర్భిణి కనిపించేది మత్తు సూది తుపాకి మీద. వాయువు ఒత్తిడితో పనిచేసే ఆ తుపాకి దాదాపు తన్నదు. దానికి దార్ఢ్యపు పరీక్ష అక్కరలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం పంటలను పాడుచేసే అడవిపందులను గుర్తింపు పొందిన గురికాళ్లతో కాల్పించడానికి సర్పంచుల స్థాయిలో అనుమతి ఏర్పాటు చేసింది. పందికి .470 అవసరం లేదు.

గూడేల్లో, పొలాల అంచుల్లో మాత్రం వేట సాధనం వేరుగా మారిపోయింది. నాటు తుపాకి కంటే, ఉచ్చు కంటే ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది కరెంటు తీగ. పైన పోయే లైను నుంచి కొక్కెం వేసి, మోకాలి ఎత్తున కర్రపుల్లల మీదుగా సన్నని ఇనుప తీగను రాత్రిపూట అడవి అంచు పొడవునా లాగుతారు. అడవిపంది కోసం పెట్టిన ఆ తీగకు దుప్పి తగులుతుంది, చిరుత తగులుతుంది, ఉదయాన్నే నీళ్లు కట్టడానికి బయలుదేరిన రైతు కూడా తగులుతాడు.